ఒక్కపూట పువ్వుకి ఇద్దరు తోడికోడళ్ళు

మా అక్కయ్య ఫోన్ చేసినప్పుడు నేను పిస్కాటవేలో మా వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. "మొగ్గలు పదకొండు ఉన్నాయే వసూ. ఆదివారం పొద్దున్నకి విచ్చేలా ఉన్నాయి. కెమెరా పట్టుకుని వచ్చెయ్" అంది. చెయ్యి పులుసులో ఉంది, ఫోన్ స్పీకర్‌లో ఉంది, మనసు మాత్రం అప్పటికే పది గంటల దూరంలో నోవైలో, వాళ్ళింటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళి మొగ్గలు లెక్కపెడుతోంది. పదకొండు! పోయిన ఏడు ఏడే కదా! ఎవరింట్లో పువ్వు పూసినా సంతోషించే మనిషినే నేను. ఎదురింటివాళ్ళ గులాబీలు చూసి ఆనందిస్తాను, గుడికి ఎవరో తెచ్చిన మల్లెలు చూసి మురిసిపోతాను. ఒక్క అక్కయ్య ఇంట్లో పూస్తే మాత్రం నాకెక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. పూసేది కాక్టస్ కాబట్టి ఆ మాత్రం గుచ్చుకోవడం న్యాయమే అనుకోండి.

అక్కయ్య అంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. మావారి అన్నగారి భార్య, పేరు సుభద్ర. బావగారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేసి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. "అంత దూరం ఈ కుండీ మోసుకెళ్ళలేను. నువ్వు తీసుకుపో. నీ దగ్గరైతే బతుకుతుంది. నీ చెయ్యి మంచిదని అత్తయ్య అనేది కదా" అని, నేను ఊఁ అనేలోపే ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయి, నేను మాత్రం పిసికిన చింతపండునే మళ్ళీ పిసుకుతూ నిలబడిపోయాను. నా మంచి చెయ్యి కథేమిటో ఈ భూమి మీద నాకొక్కదానికే తెలుసు. ఆ చెయ్యి చాచి ఆ కుండీ అందుకోవాలంటే ముందు నోరు విప్పాలి. ఆ నోరు ఈ ఒక్క విషయంలో ముప్పై ఏళ్ళ పైగా మూసుకునే ఉంది. మిగతా విషయాల్లో అది మూతపడిందే లేదని మావారు సాక్ష్యం చెబుతారు.

మేము అమెరికా వచ్చిన కొత్తలో అన్నదమ్ములిద్దరికీ డెట్రాయిట్ దగ్గరే ఉద్యోగాలు. నోవైలో ఒక డూప్లెక్స్ అద్దెకు తీసుకున్నారు. ఒకటే కప్పు, మధ్యలో ఒక గోడ, అటు వాళ్ళు, ఇటు మేము, వెనకాల ఇద్దరికీ కలిపి ఒక గరాజ్. ఆ గోడ ఎంత పల్చనిదంటే అటు పోపు పెడితే ఇటు తుమ్ములు వచ్చేవి. పొద్దున్నే మగవాళ్ళిద్దరూ ఉన్న ఒక్క కార్‌లో ఎక్కి వెళ్ళిపోయేవారు. మా ఇద్దరికీ డ్రైవింగ్ రాదు, ఉద్యోగం చేసే వీసా లేదు. ఉన్నవల్లా కిటికీ, కిటికీ అవతల మంచు, ఇవతల అత్తయ్య. తణుకు నుంచి వచ్చి ఒక శీతాకాలం, దాని వెనకే వచ్చిన వేసవి మా దగ్గర గడిపింది. న్యాయంగా ఒక నెల అటు, ఒక నెల ఇటు. ఆవిడ ఏ వాటాలో ఉంటే ఆ వాటాకి తెల్లవారకముందే డికాషన్ వాసన వచ్చేది. తరవాత తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన, ఆ పైన మూడు కవర్లలో మూటకట్టి తెచ్చుకున్న ఇంగువ వాసన. కుర్చీలో కూర్చునేది కాదు. కార్పెట్ మీద మఠం వేసుకుని, గోడకి ఆనుకుని, బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ ఉండేది. "ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు అత్తయ్యా" అంటే, "ఉండవని చూసుకోవద్దూ?" అనేది.

అత్తయ్య మెచ్చుకోళ్ళకి మూడు మెట్లుండేవి. ఏమీ అనకుండా తినేస్తే వంట బాగాలేదని. "పరవాలేదు" అంటే బాగుందని. "బాగానే ఉంది" అంటే ఇంక ఆ రోజు మనకి పండగే. అంతకు మించి ఆ నోటి నుంచి మాట రాదని బావగారూ మావారూ కూడా చెప్పేవారు. స్కూల్లో మొదటి మార్కు తెచ్చుకున్నా పరవాలేదే దక్కిందట పాపం. ఆ "బాగానే ఉంది" అక్కయ్యకి వారానికి రెండుసార్లయినా దక్కేది. నాకు అమావాస్యకో పున్నానికో. నేను చెంచాతో కొలిచి వేసిన ఉప్పు ఎక్కువయ్యేది. అక్కయ్య ఫోన్‌లో మాట్లాడుతూ పిడికిలితో విసిరిన ఉప్పు సరిపోయేది. నేను కాపలా కాసిన కూర ఉడికీ ఉడకనట్టుండేది. ఆవిడ పొయ్యి మీద మరిచిపోయిన కూర అడుగంటితే, ఆ మాడు వాసనే రుచిగా ఉందని మా అత్తయ్య మూకుడు గీకించుకుని మరీ తినేది. మతిమరుపు కూడా ఒక దినుసే కాబోలనుకుని నేనూ ఒకసారి కావాలని పొయ్యి మీద మరిచిపోయాను. గిన్నె పారెయ్యాల్సి వచ్చింది. నా వంతు నెల నడిచేటప్పుడు అత్తయ్య సరిగ్గా ఆ మధ్యగోడకే వీపు ఆనించి కూర్చునేది. "పెద్దది లేచినట్టుంది, కుక్కర్ మోగింది" అనేది. ఆవిడ ఉండేది నా ఇంట్లో, చెవి ఉండేది వాళ్ళింట్లో.

మా పక్కింట్లో డోరతీ గారని ఒక పెద్దావిడ ఉండేది. మా ఇద్దరినీ సొంత అక్కచెల్లెళ్ళనుకునేది. మేము కూడా, విడమరిచి చెప్పేటంత ఇంగ్లీషు లేక, ఆ చుట్టరికానికి ఒప్పుకున్నాము. ఒక రోజు తన కాక్టస్‌కి పుట్టిన పిలకలు రెండు తీసి, ఒకేలాంటి ఎర్ర ప్లాస్టిక్ కుండీల్లో పెట్టి, ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. బోండాకి ముళ్ళు మొలిచినట్టుండేవి. రెండేళ్ళలో పూస్తాయనీ, పువ్వు ఒక్క పూటే ఉంటుందనీ, తెల్లవారేసరికి విచ్చి మధ్యాహ్నానికి వాలిపోతుందనీ చెప్పింది. మరుసటి ఏడు అత్తయ్య వచ్చి వాటిని చూసి, "ఈ జెముడు పెంచుకోడానికి ఇన్ని సముద్రాలు దాటాలటే? మా పొలం గట్టు మీద కావలసినంత" అంది. అయినా నాకు పట్టుదల వచ్చింది. వంటలో ఓడిపోయినా మొక్కలోనైనా గెలవాలి కదా. నా బోండాన్ని సింకు పైన వెచ్చటి కిటికీలో పెట్టి, రోజు విడిచి రోజు నీళ్ళు పోసి, ముళ్ళ మధ్య దుమ్ము దూదితో తుడిచేదాన్ని. అక్కయ్య తనదాన్ని చలికాలం మొదట్లో గరాజ్‌లో, మంచు తోసే పార పక్కన పెట్టి, హాయిగా మరిచిపోయింది. చలికాలమంతా దానికి చుక్క నీరు లేదు, పలకరింపు లేదు. వసంతంలో బయటికి తీస్తే ముడతలు పడి, ఒడియంలా ఉంది. నాది పచ్చగా, బొద్దుగా, పుట్టినరోజు పిల్లలా ఉంది. రెండింటినీ ఎవరి వెనక గుమ్మం మెట్టు మీద వాళ్ళం పెట్టుకున్నాము. చూశావా అక్కయ్యా అని నా మొహం చెబుతూనే ఉండేది, ఆవిడ చూస్తేనా!

మే నెలలో ఒక పొద్దున, అక్కయ్య బట్టలు ఉతకడానికి లాండ్రీకి వెళ్ళినప్పుడు, ఆ ఒడియం పక్కన బూడిదరంగు నూగు చుక్క ఒకటి కనిపించింది. మొగ్గ! నా బొద్దు పిల్లని తిప్పి తిప్పి చూశాను. నున్నగా ఉంది, చుక్క లేదు. ఆ జాతి మొక్కకి చలికాలంలో చలీ దాహమూ రెండూ ఉంటేనే మొగ్గ వస్తుందని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే. నేను ఒళ్ళు తుడిచి పెంచినది ఊరుకుంది, ఆవిడ పార పక్కన పారేసినది పూయబోతోంది. తరవాతి పని చెయ్యడానికి నాకు పది అడుగులు పట్టింది. వాళ్ళ మెట్టు మీది కుండీ తెచ్చి మా మెట్టు మీద పెట్టాను. మా కుండీ తీసుకెళ్ళి వాళ్ళ మెట్టు మీద పెట్టాను. వేలికి ముల్లు దిగింది. ఏ అంతరాత్మో గుచ్చిందనుకోకండి, ముల్లే.

సాయంత్రం అక్కయ్య మెట్టు మీద కూర్చుని బెండకాయలు తరుగుతూ ఆ బొద్దు మొక్కని చూసింది. "చూశావటే వసూ, నాలుగు రోజులు ఎండ తగిలేసరికి నాది ఎలా లావెక్కిందో!" అంది. తరవాత నావైపు చూసి, "అయ్యో, నీది చిక్కిపోయిందేమే?" అని జాలిపడింది. చిక్కింది మొక్క కాదు, నేను.

మూడు వారాల్లో ఆ చుక్క జానెడు కాడై, చివర మొగ్గై, ఒక శనివారం పొద్దున విచ్చుకుంది. దోసెడంత పువ్వు. లేత గులాబీ రంగు, లోపలికి చూస్తే తెలుపు, నిమ్మచెక్క లాంటి చల్లటి వాసన. నేను అరిచిన అరుపుకి రెండు వాటాలూ లేచి వచ్చాయి. అత్తయ్య పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముళ్ళ చెట్టు పువ్వు దేవుడికి పెట్టచ్చో లేదో తేలక పువ్వు బతికిపోయింది. బావగారు కెమెరా తెచ్చారు. రీలులో ముప్పైరెండు మిగిలాయి. మనుషులు లేకుండా ఉత్త పువ్వుని తియ్యడమంటే రీలు దండగ అని ఆ రోజుల్లో మా అందరి నమ్మకం. ఇండియాకి పంపే ఫొటోలో పువ్వుంటే సరిపోతుందా, పువ్వుతో మనం ఉండద్దూ? అందుకని పువ్వు ముందు అత్తయ్య నిలబడింది. అత్తయ్యా బావగారూ నిలబడ్డారు. నేనూ మావారూ నిలబడ్డాము. చీర మార్చుకొచ్చి మళ్ళీ నిలబడ్డాము. డోరతీ గారిని పిలిచి నిలబెట్టాము. మధ్యాహ్నానికి రీలూ అయిపోయింది, పువ్వూ అయిపోయింది.

ఆ హడావుడి మధ్యలోనే, అందరూ వింటూండగా, అత్తయ్య నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, బియ్యం చూసినట్టే తిప్పి చూసి, "నీ చేతిలో ఏదో ఉందే చిన్నమ్మాయ్. మా అమ్మ చెయ్యి ఇలాగే ఉండేది" అంది. మూడు మెట్ల పైన నాలుగో మెట్టు ఉందని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. మావారు నోరు తెరుచుకుని చూశారు. అక్కయ్య ఏం చేసిందో నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు.

వారం తరవాత ఫొటోలు కడిగించి తెచ్చారు. ముప్పైరెండు ఫొటోల్లోనూ పువ్వు లేదు! అందరం సరిగ్గా దాని ముందే నిలబడ్డాము కదా. ఒక్కదాంట్లో మాత్రం అత్తయ్య చెవి వెనక నుంచి ఒక రేకు కొన తొంగిచూస్తోంది, ఆవిడేదో సరదాపడి చెవిలో పువ్వు పెట్టుకున్నట్టు. ఆ కసితోనే నేను తరవాత ఫొటోలు తియ్యడం నేర్చుకున్నాను. ఈనాడు పువ్వుల ఫొటోలు బాగా తీస్తానని నలుగురూ అంటున్నారంటే, దానికి మూలం ఒక దొంగతనమూ, పువ్వుకి అడ్డంపడ్డ ముప్పైరెండు వీపులూనూ. ఇక ఆ మొక్క. దాన్ని గెలుచుకున్న సంతోషంలో నీళ్ళు పోశాను. ఇంకా పోశాను. శీతాకాలానికి అది అడుగు నుంచి మెత్తబడి, గోధుమరంగు ముద్దయి, కుళ్ళిపోయింది. నీళ్ళకి కుళ్ళిందో నా కుళ్ళుకి కుళ్ళిందో చెప్పలేను. అటు అక్కయ్య గరాజ్‌లో, పార పక్కన, నేను దూదితో తుడిచి పెంచిన బొద్దు పిల్ల ఎండి, ముడతలు పడి, తరవాతి వేసవిలో నాలుగు పువ్వులు పూసింది. అప్పటి నుంచి ఏటా పూస్తూనే ఉంది. మేము ఉద్యోగం మారి పిస్కాటవే వచ్చేశాక కూడా, అక్కయ్య ఏటా పంపే ఫొటో చూసి ఏటా ఏడుస్తూనే ఉన్నాను. నాదే అది!

అక్కయ్య రమ్మన్న ఆదివారం పొద్దున నోవైలో ఎండ ఏటవాలుగా డెక్ మీద పడుతోంది. పది గంటలు డ్రైవ్ చేసిన అలసటతో మావారు పైన గదిలో గురకపెడుతున్నారు. ఎర్ర కుండీ ఎప్పుడో పగిలింది, ఇప్పుడు మొక్క గంగాళమంత మట్టికుండీలో పిల్లాపాపలతో గుంపుగా ఉంది. పదకొండు పువ్వులు, పదకొండూ ఒక్కసారే. ట్రైపాడ్ నిలబెట్టి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, లేవలేక లేచి, గంటలో రెండు వందలు తీశాను. రేకు మీద నీటిచుక్క, పుప్పొడిలో పొర్లాడే తేనెటీగ, నీడ లేని వెలుగు. అన్నీ అద్భుతంగా వచ్చాయి. చూసుకుంటూ ఉంటే అనిపించింది. అప్పుడు అందరం ఉన్నాము, పువ్వు పడలేదు. ఇప్పుడు పువ్వు రేకురేకునా పడింది, నిలబడడానికి మనుషులు లేరు. అత్తయ్య లేదు, బావగారు లేరు, డోరతీ గారు ఏనాడో పోయింది. రెండు రకాల ఫొటోల్లో నన్ను ఏవి కావాలో కోరుకోమంటే వీపులనే కోరుకుంటానేమో.

అక్కయ్య రెండు గ్లాసుల కాఫీతో వచ్చి మెట్టు మీద కూర్చుంది. చక్కెర మరిచిపోయింది. కాఫీ బ్రహ్మాండంగా ఉంది. దానికీ నాకు కడుపు మండింది.

"కార్‌లో వెనక సీటు మీద పట్టేస్తుంది. దుప్పటి చుట్టి బెల్ట్ పెడతాలే" అంది.

"అక్కయ్యా, ఈ మొక్క నాకివ్వకు. నాకు చెయ్యి మంచిది కాదు."

"చాల్లే వేషాలు."

"నేను నీ మొక్క దొంగిలించాను" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. నూగు చుక్క, లాండ్రీ, పది అడుగులు, కుళ్ళిన ముద్ద, అన్నీ చెప్పేశాను. అక్కయ్య కళ్ళు చిన్నవి చేసి విని, నవ్వడం మొదలుపెట్టింది. కాఫీ ఒలికేటంతగా నవ్వింది.

"అయితే ఇన్నేళ్ళూ నీ పిల్లని నేను సాకానన్నమాట! ఏమే, నాలుగు మంచి మాటలైనా చెప్పవుటే?"

"నీకు కోపం రాలేదా?"

"జెముడుకి కోపమేమిటే, పిచ్చిదానా! నాకు కుండీ మారినట్టే తెలీదు. నాది లావెక్కిందనుకున్నా." మళ్ళీ నవ్వు.

నిజం చెప్పద్దూ, నాకు చాలా నిరాశగా అనిపించింది. ముప్పై ఏళ్ళు ఒకే పందెంలో పరిగెత్తి, చివరికి తిరిగి చూస్తే రెండో మనిషి అసలు మైదానంలోకే రాలేదని తెలిసినట్టు. ఆవిడకి అసూయ లేకపోవడం మీద కూడా నాకు అసూయే వేసింది. కెమెరా మూత పెట్టబోతూంటే అక్కయ్య నవ్వు తగ్గింది. గ్లాసు పక్కన పెట్టి, పువ్వులవైపు చూస్తూ అంది.

"అయితే అత్తయ్య ఆ రోజు చెయ్యి పట్టుకుని అన్న మాట..."

నేను కెమెరా మూత పెట్టేశాను.

"ఏటా పూసినప్పుడల్లా తణుకు ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఆవిడ ఉన్నన్నాళ్ళూ. నాలుగు పూశాయి అత్తయ్యా, ఆరు పూశాయి అత్తయ్యా అని. ఏటా ఒకటే అడిగేది. 'చిన్నది నేర్పిందా?' అని."

"నువ్వేమనేదానివి?"

"నేర్పింది అత్తయ్యా అనేదాన్ని. ఇంకేమంటాను?" అంది. ఆ గొంతు నేను ఎప్పుడూ విననిది. "వంట బాగానే ఉంది, బాగానే ఉంది అనేది. వంటదాన్ని మెచ్చుకున్నట్టు. నా చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడలేదే."

నేను ఇన్నేళ్ళూ ఆ మొహంలో వెతికినది అప్పుడు కనిపించింది. ఆవిడా పరిగెత్తింది. చప్పుడు చెయ్యకుండా పరిగెత్తింది, అంతే. తీరా కావలసిన ఆ అసూయ కళ్ళెదుట కనపడితే నేను దాన్ని చూడలేకపోయాను. వెళ్ళి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "నీకు రావలసిన మాట అక్కయ్యా అది. ఆ మొక్క అప్పుడు నీది."

"తెలుస్తూనే ఉంది. మరి ఇవ్వు" అంది.

"ఏమిటి?"

"ఆ మాట. అత్తయ్య అన్నట్టే అను."

ఆవిడ కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి, పసుపు వాసన వేస్తోంది. తిప్పి చూశాను. "నీ చేతిలో ఏదో ఉందే పెద్దమ్మాయ్. మా అమ్మ చెయ్యి ఇలాగే ఉండేది."

అక్కయ్య తల అడ్డంగా ఊపింది. "అత్తయ్య ఇంత మెత్తగా అనేదా? పక్క వాటాకి వినపడేలా అనేది. మళ్ళీ."

మళ్ళీ అన్నాను, గట్టిగా. పైన మావారి గురక ఆగింది. అక్కయ్య కళ్ళు మూసుకుని విని, చెయ్యి వెనక్కి తీసుకోకుండా, "ఇంకొక్కసారి" అంది. మూడోసారి కూడా అన్నాను. అత్తయ్య ఆ మాట నాకు అన్నది ఒక్కసారి. అక్కయ్యకి ఒక్క పొద్దున మూడుసార్లు దక్కింది. తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం కుళ్ళుగానే ఉంది.